వార్తల్లో పదం: హైపోటోనియా క్లినికల్ ట్రయల్

విశ్రాంతిలోనూ కండరాలకు ఉండవలసిన బిగువు తగ్గి, పసిబిడ్డ మెడ నిలపలేక, ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోతున్నట్లుండే స్థితిని వైద్యులు హైపోటోనియా అంటారు. డౌన్ సిండ్రోమ్, ప్రాడర్-విల్లీ సిండ్రోమ్, స్పైనల్ మస్క్యులర్ ఎట్రఫీ వంటి అనేక వ్యాధుల్లో కనిపించే లక్షణమిది గనుక, కొత్త చికిత్సను మనుషులపై నియమబద్ధంగా పరీక్షించే క్లినికల్ ట్రయల్స్ సాధారణంగా మూలవ్యాధి పేరుతోనే నమోదవుతాయి. జన్యుపరీక్ష వంటి వాటితో కారణం తేలకముందే ట్రయల్స్ కోసం వెదకడం చాలావరకు వృథాశ్రమే.

కారణం తెలిసినవారు భారతదేశంలోని ట్రయల్స్‌ను సీటీఆర్ఐ అనే ప్రభుత్వ నమోదు పట్టికలో ఉచితంగా చూడవచ్చు. అందులో నమోదు 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. వయసు, జన్యులోపం, అంతకుముందు పొందిన చికిత్స అర్హతను నిర్ణయిస్తాయి.

అర్హత దొరికినా మందు దొరికినట్లు కాదు. స్పైనల్ మస్క్యులర్ ఎట్రఫీకి 2016లో అమెరికాలో అనుమతి పొందిన నుసినెర్సెన్ అనే మందు ట్రయల్‌లో కొందరు శిశువులకు వెన్నులోకి మందు ఎక్కించి, తక్కినవారికి వీపుపై సూదిగుచ్చు మాత్రమే చేసి, ఎవరికేది జరిగిందో తల్లిదండ్రులకు తెలియనివ్వలేదు. మేలు స్పష్టమయ్యాక ఆ ట్రయల్‌ను ముందే ముగించి, మందు అందనివారికీ ఇచ్చే ఏర్పాటు చేశారు. భారతదేశపు 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం పిల్లల తరఫున తల్లిదండ్రులో సంరక్షకులో సమ్మతిపత్రంపై సంతకం చేయాలి, ట్రయల్ వల్ల హాని కలిగితే పరిహారం చెల్లించాలి.