పేజీ తెరుచుకునేలోపే బేరం పోతే?

మామిడిపండ్లు, బెల్లం నేరుగా అమ్ముకునేందుకు సొంత వెబ్‌సైటు పెట్టుకోవాలనుకునే రైతులకు ఇప్పుడు పని సులువైంది. నాలుగు ముక్కలు చెబితే చాలు, విక్స్, హోస్టింగర్, డ్యూరబుల్ వంటి ఏఐ సాధనాలు నిమిషాల్లో పేజీ తయారుచేసి ఇస్తున్నాయి. అయితే అందం చూసి ఏడాది చందా కట్టేయకూడదు. పేజీ తెరుచుకోవడానికి 3 సెకన్లు దాటితే, ఫోనులో చూసేవారిలో సగానికి పైగా వెనక్కి పోతున్నారని గూగుల్ 2016లోనే చెప్పింది. పోయింది కొనేవాడే కదా!

ఏది వేగమైనదో రైతే తేల్చుకోవచ్చు. కొత్త వంగడాన్ని పాత రకం పక్కనే వేసి చూసినట్టు, అవే మాటలు, అవే ఫొటోలతో రెండు సాధనాల్లో పేజీలు చేయించాలి. గూగుల్ వారి ‘పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్’లో వాటి చిరునామాలు ఇచ్చి ‘మొబైల్’ ఫలితం చూడాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక్కో పేజీని మూడేసి సార్లు పరీక్షించి, మధ్య అంకె తీసుకోవాలి. అందులో ‘ఎల్‌సీపీ’ అంటే పేజీలోని పెద్ద బొమ్మో, రాతో కనబడడానికి పట్టే సమయం. అది 2.5 సెకన్ల లోపుంటే మంచిది, 4 దాటితే బాగా నెమ్మది కిందే లెక్క.

తప్పంతా సాధనానిదే అనుకోవద్దు. ఫోనులో తీసిన ఫొటో ఒక్కోటి 3, 4 ఎంబీ ఉంటుంది. సైజు తగ్గించి ఎక్కించాలి. కదిలే బొమ్మలు, వీడియోలు తీసేయించాలి. పండు, ధర, ఫోను నంబరు ముందు కనబడితే చాలు. ఆ తర్వాత మళ్లీ పరీక్షించి, అప్పుడే చందా కట్టాలి.