బల్లమీది రైలుబండి

రైలుబండి పోవుచుండగా ఆగి చూడని బాలుడు అరుదు. ఇంటికి వచ్చిన పిమ్మట అతడు ఖాళీ అగ్గిపెట్టెలను దారముతో వరుసగా కట్టి, నోటితో కూత వేయుచు, అరుగుమీద ఈడ్చుకొనిపోవును. ఆ బండికి చక్రములు లేకున్నను లోటు లేదు. ఇంజనుకంటె గార్డుపెట్టె పెద్దదైనను తప్పు లేదు. కొరతలన్నిటిని అతని ఊహయే పూరించును. పెద్దవారైన పిమ్మటకూడ ఈ ఆటను విడువనివారు లోకమున ఎందరో కలరు. విడువకపోవుటయే గాక, వారు దానికి కొలతను చేర్చిరి. కొలత చేరుటతో ఆటబొమ్మ నమూనాగా మారినది.

పందొమ్మిదవ శతాబ్దములో జర్మనీ దేశపు పనివారు తగరపుపూత గల ఇనుపరేకుతో రైలుబొమ్మలు చేయుచుండిరి. ఒకరి బండి మరియొకరి పట్టాలపై నడచెడిది కాదు. గోపింగెన్ పట్టణమున బొమ్మరిండ్లకు వంటపాత్రలు చేయు మార్‌క్లిన్ సంస్థ 1891వ సంవత్సరమున లైప్‌జిగ్ సంతలో ఒక రైలును ప్రదర్శించినది. కీ ఇచ్చిన నడచు ఆ బండికంటె దాని పట్టాలే ముఖ్యమైనవి. పట్టాల నడిమి వెడల్పునకు ఆ సంస్థ నిర్ణీతమైన కొలతలను ఏర్పరచి, వానికి అంకెలు పెట్టినది. ఈ యేడు కొన్న బండికి వచ్చు యేడు మరి నాలుగు పట్టాలు, ఒక వంతెన, ఒక స్టేషను కొని చేర్చుకొనవచ్చును. ఈ ఉపాయము పిల్లవానికి పండుగ, వర్తకునకు లాభము, తండ్రికి యేటేట ఖర్చు. తరువాత అమెరికాలో లయనెల్ సంస్థయు, 1920వ సంవత్సరమునుండి ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీయు ఈ బాటనే నడచిరి.

ఆనాటి రేకుబండ్లను సేకరించుట నేడొక ప్రత్యేక వ్యాసంగము. నిర్మించువాని చూపు వేరు, సేకరించువాని చూపు వేరు. పాతబండిపై రంగు రాలినచో కొత్తరంగు పూయవలెనని మొదటివాని చేయి దురదపెట్టును. రెండవవాడు ఆ చేతిని పట్టుకొని ఆపును. కొత్తరంగు పడిన బండి విలువ పడిపోవును గదా! బండిని అమ్మిననాటి అట్టపెట్టె కూడ దొరకినచో అతని ఆనందమునకు మేర లేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లోహమంతయు యుద్ధపరికరములకు పోగా, లయనెల్ సంస్థ 1943వ సంవత్సరమున అట్టతో చేసిన రైలును అమ్మినది. దాని ముక్కలను జోడించుట పిల్లలకే గాక పెద్దలకును తలనొప్పి అయ్యెను. ఆడుకొనుటకు పనికిరాని ఆ బండి నేడు సేకరించువారికి అపురూపమైన వస్తువు.

ఇక కొలత మాట. లోకమున మిక్కిలి వ్యాప్తిలోనున్న ప్రమాణమునకు హెచ్.ఓ. అని పేరు. ‘సున్న’ అను పాత కొలతలో సగము గనుక ఆ పేరు వచ్చినది. ఇందు ప్రతి వస్తువును అసలులో 87వ వంతుగా చేయుదురు. పెరంబూరు కార్ఖానాలో తయారైన పాతరకపు ప్రయాణికుల పెట్టె పొడవు 21.3 మీటర్లు, నమూనాలో అది 24½ సెంటీమీటర్లు. అయిదడుగుల ఎనిమిదంగుళముల గార్డు రెండు సెంటీమీటర్ల మనిషి అగును. కిలోమీటరు దూరము పదకొండున్నర మీటర్లకు దిగును. పట్టాల నడిమి వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. దీనిని 87తో గుణించి చూచిన, ఐరోపా, అమెరికాలలో సాధారణముగా నుండు 1,435 మిల్లీమీటర్ల మార్గము వచ్చును. మన బ్రాడ్‌గేజి మార్గపు వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. కావున మన దేశపు బండికి కొలత ప్రకారము 19 మిల్లీమీటర్లకు పైబడిన పట్టాలు వేయవలెను. సిద్ధముగా దొరకు పట్టాలపై దానిని నిలిపినచో, పెద్దమనిషి పిల్లవాని చెప్పులు తొడిగినట్లుండును.

పొడవును 87తో ఒకసారి భాగించిన చాలును గాని, బరువు విషయమున అట్లు కుదరదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గుచున్నవి గనుక బరువును 87తో మూడుమార్లు భాగింపవలెను. ఆ లెక్కన నూరు టన్నుల ఇంజను సుమారు నూటయేబది గ్రాములకు దిగును! అంత తేలికైన ఇంజను చక్రములు పట్టాలమీద ఊరక జారునే గాని, వెనుకనున్న పెట్టెలను లాగలేవు. అందుచేత కొలతను ప్రాణముగా చూచుకొను పనివాడే ఇంజను కడుపులో ఎవరికిని కనబడకుండ సీసపు ముక్కలను దాచును. మలుపులును ఇట్టివే. మన బ్రాడ్‌గేజి మార్గమున మిక్కిలి వంపైన మలుపునకు వ్యాసార్ధము 175 మీటర్లు. నమూనాలో అది రెండు మీటర్లు. అనగా ఒక్క చుట్టునకే నాలుగు మీటర్ల వెడల్పు కావలెను. ఏ ఇంటిలో అంత చోటున్నది? కావున అసలు బండి ఎన్నడును తిరుగలేని అరమీటరు మలుపులలో నమూనా బండి తిరుగుచుండును.

ఇంజనులోని మోటారునకు విద్యుత్తు పట్టాలనుండియే అందును. ఒక పట్టానుండి చక్రముల ద్వారా మోటారునకు ఎక్కి, రెండవ పట్టాగుండ తిరిగిపోవును. పన్నెండు వోల్టులకు మించదు గనుక చేయి తగిలినను ప్రమాదము లేదు. ప్రవాహపు దిశను మార్చిన బండి వెనుకకు నడచును. ఇంతవరకు సులభమే. కాని బండి ఒక చుట్టు తిరిగి, తాను వచ్చిన మార్గముననే ఎదురుముఖముగా మరల కలియునట్లు పట్టాలు పరచినచో ఏమగును? కాగితముమీద రెండు గీతలతో గీచి చూచిన ఆశ్చర్యము కలుగును. కుడిపట్టా తిరిగి తిరిగి వచ్చి ఎడమపట్టాతో కలియును. ఆ క్షణముననే షార్టు సర్క్యూటు అగును. దీనికి విరుగుడు గలదు. చుట్టు మొదటను చివరను పట్టాలను కోసి సన్నని సందు విడిచి, చుట్టునకు వేరుగా తీగలు కలుపవలెను. బండి చుట్టులో ఉండగానే బయటి మార్గపు ప్రవాహదిశను స్విచ్చితో మార్చవలెను. ఈ పనులను చేతితో చేయనక్కరలేని సాధనములు నేడు వచ్చినవి. ఒక్కొక్క ఇంజనులో ఒక్కొక్క సంఖ్యను గుర్తించు చిన్న పరికరమునుంచి, ఒకే పట్టాపై పలుబండ్లను వేరువేరుగా నడపుచున్నారు.

ఈ తీగల చిక్కు ఎంత దూరము తీసికొనిపోగలదో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము చూపినది. అక్కడి విద్యార్థులు 1946వ సంవత్సరమున నమూనా రైలుసంఘమును స్థాపించిరి. కొందరు కొండలకు రంగులు వేయుచుండగా, మరికొందరు బల్లక్రింద దూరి టెలిఫోను యంత్రములలోని రిలేలతో సిగ్నలు వ్యవస్థను అల్లిరి. బల్లక్రింది ఆ బృందములోనివారే తరువాత ఆ విద్యాలయపు తొలి కంప్యూటర్లముందు రాత్రులు జాగరణ చేసిరి.

మన దేశమున పుణె నగరమునందు భావుసాహెబ్ జోషి అను రైళ్ల ప్రేమికుడు నెలకొల్పిన నమూనా రైళ్ల ప్రదర్శనశాల గలదు. అది 1998వ సంవత్సరమున ప్రారంభమైనది. అక్కడి బండ్లు హెచ్.ఓ. ప్రమాణముననే నడచును.

ఇంత శ్రమ దేనికొరకు? కొందరికి అది కేవలము కాలక్షేపము. ఇంగ్లండులో ఒకనికి మాత్రము అది కాలముతో పందెమైనది. రాయ్ ఇంగ్లండ్ అను యువకుడు 1925వ సంవత్సరమున ఆస్ట్రేలియానుండి ఆ దేశమునకు వచ్చెను. తెల్లగుఱ్ఱపు లోయ అని పేరు గల పల్లెసీమ అతనిని ఆకర్షించినది. గడ్డికప్పుల రాతి ఇండ్లు, ఇరుకు బాటలు, దూరమున గ్రేట్ వెస్టర్న్ రైల్వేవారి ఆకుపచ్చని ఇంజన్లు. కాని అతడు చూచుచుండగానే ఆ పల్లెలు మారసాగెను. పాత కప్పులు పోయి కొత్తరకపు పలకలు వచ్చెను. బాటలు మోటారు కార్లతో నిండెను. ఆపుటకు అతనికి అధికారము లేదు. కొలిచి ఉంచుకొనుటకు మాత్రము ఎవరి అనుమతియు అక్కరలేదు.

అడుగునకు నాలుగు మిల్లీమీటర్ల లెక్కన అతడు ఆ ఇండ్లను అట్టతో నిర్మింపసాగెను. ఈ లెక్కన ఇటుక పొడవు మూడు మిల్లీమీటర్లు, ఎత్తు ఒక్క మిల్లీమీటరు. ప్రతి ఇటుకను, ప్రతి రాతిని విడివిడిగా గీచి, నీటిరంగులు వేయవలెను. నిజముగా నిలిచిన ఇంటికే నమూనా చేయవలెనని అతని నియమము. ఒక ఇంటికి నెలలు పట్టును. ఒక్కొక్కప్పుడు సంవత్సరములే పట్టును. ఇట్లు వేరువేరు ఊళ్లలోని నిజమైన ఇండ్లను తెచ్చి కూర్చిన ఊరికి పెండన్ పార్వా అని పేరు పెట్టిరి. ఊరు కల్పితము, ఇండ్లు యథార్థములు.

1954వ సంవత్సరమున లాంగ్ విటెన్‌హామ్ అను గ్రామములో పెండన్ ప్రదర్శనశాల ఏర్పడినది. కల్పిత లోయలో రైలును నడపి, రైలుతోపాటు ఊరును చెట్టును కూడ నిర్మింపవలెనని అంతకు ముందే చూపిన జాన్ అహెర్న్ నిర్మాణమును, అతడు 1961లో మరణించిన పిమ్మట, ఇక్కడనే భద్రపరచిరి. మరియొక గదిలో బ్రూనెల్ పద్ధతిని కట్టిన కొయ్య వంతెనమీదుగా బండ్లు పోవుచుండును. అట్టి వంతెనలన్నిటిని ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధములోనే తొలగించిరి. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1948లో జాతీయమై తన పేరును కోల్పోయెను. 1968లో బ్రిటిషు రైల్వేలలో సాధారణ ఆవిరిబండ్ల రాకపోకలు ముగిసెను.

రాయ్ ఇంగ్లండ్ 1995వ సంవత్సరమున మరణించెను. అప్పటికి లోయ పూర్తి కాలేదు. తన జీవితకాలమున అది పూర్తి కాదని అతనికి చాలకాలముగా తెలియును. స్వచ్ఛందముగా వచ్చు పనివారు అతని కొలతలనే అనుసరించి, బల్లమీద మిగిలిన ఖాళీ స్థలమున ఇంటివెంట ఇంటిని నిలుపుచు వచ్చిరి. ఆ యిండ్ల ప్రక్కగా ఆకుపచ్చని ఇంజన్లు పెట్టెలను లాగుకొని పోవుచుండును.