అన్నము మానేయాలనుకొనే వారికి



ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత నన్ను ఆపి అడిగే ప్రశ్నలలో ఈ మధ్య ఒకటి తరచుగా వినబడుతున్నది. "అయ్యగారూ, అన్నము పూర్తిగా మానేసి కొవ్వు తింటే బరువు తగ్గుతారట. మొదలుపెట్టమంటారా?" అని. అడిగేవారిలో నలభై దాటిన తల్లులే ఎక్కువ. మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కితే ఆయాసము, ప్రార్థనకు మోకరిస్తే తిరిగి లేవలేకపోవడము, ఇవి వారి బాధలు. నేను డాక్టరును కాను. అయినా ఇలాంటి ప్రశ్నకు "ప్రార్థన చేద్దాము" అని మాత్రమే చెప్పి పంపివేయడము న్యాయము కాదు గనుక, చదివి తెలుసుకొన్నది, డాక్టర్లను అడిగి తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

దీని పేరు కీటో ఆహారము. మన తెలుగు పల్లెలకు ఇది 2017, 2018 సంవత్సరాలలో వీరమాచనేని రామకృష్ణ గారి ప్రసంగాల ద్వారా ఎక్కువగా చేరింది. రోజుకు 70 నుండి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు అని ఆయన చెప్పేవారు. ఆ రోజుల్లో తలకు రాసుకొనే కొబ్బరినూనె వంటింట్లోకి వచ్చింది. షుగరు జబ్బు కూడ దీనితో పోతుందన్న మాటకు డాక్టర్లు అనేకులు అప్పుడే అభ్యంతరము చెప్పారు. సభలు తగ్గినా ఆ మాట మాత్రము ఊళ్లలో తిరుగుతూనే ఉన్నది. సగము విన్నవారు మరొకరికి పావు వంతు చెప్పుతున్నారు. చిక్కంతా అక్కడే వస్తున్నది.

ఈ పద్ధతి మొదట బరువు తగ్గడానికి పుట్టినది కాదు. ఫిట్సు వచ్చే పిల్లల కోసము పుట్టినది. మత్తయి 17వ అధ్యాయములోను, మార్కు 9వ అధ్యాయములోను చాంద్రరోగముతో అగ్నిలోను నీళ్లలోను పడిపోయే కుమారుని తీసికొని వచ్చిన తండ్రిని మీరు ఎరుగుదురు. అక్కడ ప్రభువు చెప్పిన జవాబులో కొన్ని ప్రాచీన ప్రతులలో ప్రార్థనతోబాటు ఉపవాసము అనే మాట కూడ ఉన్నది. ఆహారము మానితే ఫిట్సు తగ్గుతాయని ప్రాచీనులకు కూడ తెలుసు. 20వ శతాబ్దము ఆరంభములో అమెరికాలో కొందరు రోగులను రోజుల తరబడి ఉపవాసముంచి, ఫిట్సు తగ్గడము చూశారు. అయితే పిల్లవానిని ఎన్నాళ్లు పస్తు ఉంచగలము? 1921లో మేయో క్లినిక్‌కు చెందిన రసెల్ వైల్డర్ అనే వైద్యుడు దీనికి ఒక ఉపాయము చెప్పాడు. అన్నము, రొట్టె, చక్కెర లాంటి పిండిపదార్థాలు దాదాపు తీసివేసి కొవ్వు ఎక్కువగా పెడితే, బిడ్డ తింటూ ఉన్నా దేహము ఉపవాసములో ఉన్నట్టే నడుస్తుంది. కీటోజెనిక్ అనే పేరు అప్పటిది. 1938లో ఫెనిటాయిన్ అనే మందు వచ్చాక ఈ ఆహారము మరుగున పడింది. 1993లో చార్లీ అనే చిన్నవానికి ఎన్ని మందులు వాడినా ఫిట్సు ఆగలేదు. జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఈ ఆహారము పెట్టగా ఆగాయి. వాని తండ్రి సినిమా దర్శకుడు జిమ్ అబ్రహామ్స్. ఆయన వలన ఈ సంగతి మళ్లీ లోకానికి తెలిసింది. ఈ పిల్లలకు ప్రతి ముద్దను గ్రాముల లెక్కన త్రాసులో తూచి, డాక్టరు కళ్ల ముందు మొదలుపెడతారు. కనుక ఫిట్సు ఉన్నవారు ఇది చదివి ఇంట్లో సొంతంగా మొదలుపెట్టవద్దు, మాత్రలు మానవద్దు.

బరువు సంగతి వేరే దారిలో వచ్చింది. లండనులో విలియం బాంటింగ్ అనే ఆయన శవపేటికలు చేయించి అంత్యక్రియలు జరిపించే వ్యాపారి. బాగా లావెక్కి, వంగి చెప్పులు కట్టుకోలేని స్థితికి వచ్చాడు. వైద్యుని సలహా మీద రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు తగ్గించి ఏడాదిలో సుమారు 20 కిలోలు తగ్గాడు. 1863లో ఆ సంగతిని చిన్న పుస్తకముగా అచ్చువేశాడు. ఇతరుల పెట్టెల కొలతలు చూసే మనిషికి తన కొలత గుర్తుకు రావడము వింత కాదు! 1972లో అట్కిన్స్ అనే అమెరికా డాక్టరు పుస్తకముతో ఇదే మాట ఇంకా దూరము పాకింది.

ఇక దేహములో జరిగేది చూద్దాము. మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములోకి వస్తుంది. మిగిలినదానిలో కొంత కాలేయములోను కండరాలలోను నిలువ ఉంటుంది. ఆ నిలువ మొత్తము మనిషికి సుమారు అర కిలో. అది తన బరువుకు మూడింతల నీటిని పట్టుకొని ఉంటుంది. అన్నము మానిన ఒకటి రెండు రోజులలో ఆ నిలువ తరుగుతుంది, దానితోబాటు నీరు పోతుంది. మొదటి వారములో కనబడే రెండు మూడు కిలోల తగ్గుదల చాలావరకు ఈ నీరే. అన్నము తిరిగి మొదలుపెట్టిన వారములోనే అది మరల వస్తుంది. ఇది తెలియక మొదటి వారము గంతులు వేసి, తరువాత కృంగిపోయేవారిని చూస్తున్నాము. నిలువ అయిపోయాక కాలేయము కొవ్వును కరిగించి కీటోనులు అనే పదార్థాలను తయారుచేస్తుంది. మెదడు కూడ వాటితో నడుస్తుంది. ఆ రోజుల్లో నోటి నుండి పండిన పండు వాసన లాంటిది రావచ్చు. ఆకలి తగ్గుతుంది. తక్కువ తింటారు గనుక బరువు తగ్గుతుంది.

దేహము ఆ స్థితికి రావాలంటే రోజు మొత్తములో పిండిపదార్థము 20 నుండి 50 గ్రాములు దాటకూడదు. వండిన అన్నము 100 గ్రాములలో సుమారు 28 గ్రాములు ఉంటుంది. పొలము పనిచేసే మనిషి ఒక పూట కంచములో 400 గ్రాముల అన్నము తింటాడు. అంటే ఆ ఒక్క పూటలోనే 110 దాటింది. ఒక అరటిపండులో సుమారు 25. రెండు చెంచాల చక్కెర వేసిన టీలో 10 పైచిలుకు. "అయ్యగారూ, నేను అన్నము మానేసి జొన్నరొట్టె, రాగిజావ మీద కీటో చేస్తున్నాను" అని ఒక అమ్మ చెప్పింది. జొన్నపిండిలోను రాగిపిండిలోను 100 గ్రాములకు సుమారు 70 గ్రాములు పిండిపదార్థమే. అవి పీచు ఉన్న మంచి ధాన్యాలు, తినండి, కాని అది కీటో కాదు. పప్పు కూడ ఇందులో అంతగా ఇమడదు. ఇడ్లీ, బెల్లము, బంగాళాదుంప, చేమగడ్డ, కంద అన్నీ పోవాలి. మిగిలేవి గ్రుడ్లు, చేపలు, కోడిమాంసము, వేటమాంసము, తోటకూర, గోంగూర, బచ్చలి, బీర, సొర, వంకాయ, బెండ, నెయ్యి, నూనె, కొద్దిగా పెరుగు, గుప్పెడు వేరుశనగలు.

ఇప్పుడు అసలు చెప్పవలసిన మాట. మా ప్రాంతములో ఒక సహోదరుడు షుగరుకు గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకొంటూ, ఎవరికీ చెప్పకుండా అన్నము మానేశాడు. మాత్ర మాత్రము మానలేదు. మూడవ రోజున పొలములో కలుపు తీయిస్తూ చెమటలు పట్టి, మాట తడబడి, గట్టు మీద కూలబడ్డాడు. కూలికి వచ్చిన ఒక ముసలమ్మ తన టీ సీసాలోని తియ్యని టీ గుటక గుటకగా త్రాగించింది. బ్రతికాడు. ఆ మాత్ర పని షుగరును దించడము. దించడానికి తిండి లేనప్పుడు అది ప్రాణము మీదికి తెస్తుంది. ఇన్సులిను వేసుకొనేవారికీ అంతే. డాక్టరు ముందుగా మోతాదు తగ్గించాలి.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు వాడేవారు ఇంకా జాగ్రత్త పడాలి. అవి మూత్రము ద్వారా చక్కెరను బయటికి పంపుతాయి. వాటితోబాటు అన్నము మానేస్తే రక్తములో కీటోనులు హద్దుమీరి విషముగా మారవచ్చు. వేలు గుచ్చి చూస్తే షుగరు మామూలుగానే కనబడుతుంది గనుక ఎవరికీ అనుమానము రాదు. మీ చీటీలోని పేర్లు చదవడము రాకపోతే మందుల షాపువానిని అడగండి. బి.పి. మాత్రలు వాడేవారికి నీరు పోయినందున రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నతనము నుండి ఇన్సులిను మీద బ్రతికే పిల్లలు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, క్లోమము వాచినవారు, పిత్తాశయములో రాళ్లు ఉన్నవారు దీని జోలికి పోవద్దు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములోని మన సహోదరులకు ప్రత్యేకముగా చెప్పుతున్నాను. అక్కడ మూత్రపిండాల జబ్బు ముదిరేదాక తెలియకుండా ఉన్నవారు ఎందరో. క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ఆహారములో ఇంత మార్పు చేయవద్దు.

డాక్టరు సరే అన్నారనుకొందాము. మొదలుపెట్టక ముందు మూడు నెలల సగటు షుగరు, క్రియాటినిన్, కొలెస్టరాలు, కాలేయ పరీక్ష చేయించి కాగితము దాచండి. కొందరికి ఈ ఆహారముతో చెడ్డ కొలెస్టరాలు బాగా పెరుగుతుంది. పాత కాగితము లేకపోతే పోల్చడానికి వీలుండదు. నడుము కొలత వ్రాసిపెట్టుకోండి. మన దేశములో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ అని లెక్క. నాట్ల రోజుల్లో, ఏప్రిల్ మే ఎండలలో మొదలుపెట్టవద్దు. మొదటి వారము తలనొప్పి, నీరసము, పిక్కలు పట్టడము ఉంటాయి. నీటితోబాటు ఉప్పు కూడ పోవడమే దానికి కారణము. ఉప్పు వేసిన పల్చని మజ్జిగ, మాంసము ఉడికిన చారు మేలు చేస్తాయి. గుండె జబ్బు, బి.పి. ఉన్నవారు ఉప్పు సంగతి డాక్టరును అడగాలి. మలబద్ధకము రాకుండ ఆకుకూర పూటపూటకు ఉండాలి.

ఖర్చు, ఇంటి సంగతి కూడ చూడాలి. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము ఇచ్చినప్పటి నుండి పేదవాని కంచము అన్నముతోనే నిండుతున్నది. అంతకుముందు అనేక ఇళ్లలో జొన్న, సజ్జ, కొర్ర ఉండేవి. అన్నము పండుగకే. ఆ బియ్యము ఎన్నో ఆకలి రాత్రులను తప్పించింది, దానిని తక్కువచేసి మాట్లాడను. కాని ఇంట్లో అందరూ రేషను బియ్యము తింటూ ఉంటే ఒక్కరికి మూడు పూటలా గ్రుడ్లు, మాంసము, నెయ్యి ఎవరు కొంటారు? ఇంటి తల్లి అందరికీ వడ్డించి చివర మిగిలినది తింటుంది. ఆమెకు వేరుగా వండుకొనే ఓపిక ఉంటుందా? వండుకొంటే అత్తగారు ఒక మాట అనకుండ ఉంటుందా? భర్తలారా, మీ భార్య మొదలుపెడితే వారములో కొన్ని పూటలు మీరు కూడ ఆమె తిన్నదే తినండి. ఎత్తిపొడుపులు మానండి.

ఇంత శ్రమకు ఫలితము ఎంత? 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు 609 మందిని రెండు గుంపులుగా చేసి, ఒకరికి కొవ్వు తగ్గించి, మరొకరికి పిండిపదార్థము తగ్గించి ఏడాది చూశారు. మొదటివారు సగటున 5.3 కిలోలు, రెండవవారు 6 కిలోలు తగ్గారు. అది చెప్పుకోదగిన తేడా కాదని వారే తేల్చారు. ఒక్కొక్క గుంపులో చాలా తగ్గినవారూ ఉన్నారు, పెరిగినవారూ ఉన్నారు. ఇది కీటో అంత కఠినమైన పద్ధతి కాదు, నిజమే. అయినా ఏడాది పొడుగున నిలువగలిగిన మార్పే బరువును తగ్గిస్తుందని నాకు అర్థమైనది. అందుచేత మన పల్లె కుటుంబాలలో ఎక్కువమందికి పూర్తి కీటో కంటె అన్నమును సగము చేయడము మేలని నా అభిప్రాయము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో కూడ మన శక్తిలో ధాన్యాల వంతు 45 శాతము దాటవద్దని చెప్పారు. మనవారి కంచములో అది అంతకు ఎంతో మించి ఉంటుంది. తగ్గించిన అన్నము చోట కూర, పప్పు, గ్రుడ్డు పెట్టండి. టీలో చక్కెర తీసివేయండి. రాత్రి భోజనము ఏడు గంటలకే ముగించండి.

కొందరు దానియేలును చూపించి "ఇది వాక్యానుసారమైన ఆహారమే" అంటున్నారు. దానియేలు మొదటి అధ్యాయము మరల చదవండి. ఆయన అడిగినది శాకధాన్యాలు, నీళ్లు. రాజుగారి భోజనమును ఆయన వద్దన్నాడు. పైగా పది దినములు గడిచాక ఆ యౌవనస్థుల ముఖాలు ఇతరులకంటె కళగాను, దేహము పుష్టిగాను కనబడ్డాయి. సన్నబడ్డారని అక్కడ లేదు! తన పద్ధతికి ఎవరైనా వాక్యమును అతికిస్తే నమ్మవద్దు.

ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి సంకోచించిన ఒక సహోదరి ఉన్నది. ఆ ముక్క ఒక గ్రాము రెండు గ్రాములు ఉంటుంది, ఏ లెక్కా తప్పదు, నిస్సంకోచముగా తీసుకోండి. శుక్రవారపు ఉపవాసము, శ్రమకాలపు నలభై దినాల ఉపవాసము మాత్రము వేరు సంగతి. షుగరు మాత్రలు వేసుకొనేవారు వాటికి ముందు కూడ పైన చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించాలి. ప్రేమవిందులో ఎవరైనా అన్నము వద్దంటే బలవంతము చేయకండి. కూర, మజ్జిగ వడ్డించండి చాలు.

మొదలుపెట్టినవారికి విడువని వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, మత్తు, చెమటలతో మాట తడబడడము వీటిలో ఏది వచ్చినా ఇంట్లో కాలము గడపవద్దు. స్పృహ ఉండి చెమటలు పడుతుంటే వెంటనే చక్కెర నీళ్లు త్రాగించండి. స్పృహ లేకపోతే నోట ఏమీ పోయకండి, 108కి ఫోను చేయండి. మాత్రల చీటీ చేతబట్టుకొని వెళ్లండి. అక్కడ డాక్టరుకు చెప్పవలసిన మొదటి మాట, ఈ మనిషి అన్నము మాని ఇన్ని రోజులైందని.