బిడ్డకు తండ్రి కట్టే రక్ష

గర్భవతికి రక్తపరీక్షలో హెచ్.ఐ.వి. ఉన్నదని తేలినప్పుడు ఆ వార్తను ఆమె మొట్టమొదట ఎవరికి చెప్పుకోవాలి? భర్తకే. కాని ఆ మాట నోట రావడమే కష్టం. పరీక్ష ముందుగా జరిగినది ఆమెకు గనుక జబ్బు ఆమే తెచ్చినదన్న నింద పడుతుందేమోనని, పుట్టింటికి పంపివేస్తారేమోనని భయం. మందులు దాచుకొని మింగే ఇల్లాలు ఒకనాడు మింగుతుంది. ఇంట నలుగురూ ఉన్ననాడు మానుతుంది. అలా మానిన రోజులే కడుపులోని బిడ్డకు ముప్పు తెస్తాయి.

వైద్యశాస్త్రం తన వంతు పని చాలావరకు నెరవేర్చింది. చికిత్స లేనప్పుడు గర్భంలోగాని, కాన్పులోగాని, చనుబాల ద్వారాగాని తల్లి నుండి బిడ్డకు ఈ క్రిమి సోకే అవకాశం నూటికి 15 నుండి 45 వరకు ఉంటుంది. సకాలంలో మందులు వాడితే అది 5 కంటె తక్కువకు దిగుతుంది. 2015లో క్యూబా, 2019లో శ్రీలంక ఈ సంక్రమణను నిర్మూలించిన దేశాలుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందాయి.

మరి మిగిలినదేమిటి? ఇంటిలో జరగవలసిన పని. కెన్యా రాజధాని నైరోబీలో హెచ్.ఐ.వి. ఉన్న 456 మంది గర్భిణులపై జరిగిన పరిశీలన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. వారిలో నూటికి 31 మంది భర్తలు మాత్రమే ఆస్పత్రికి వచ్చారు. అయితే ఆ దంపతుల బిడ్డలకు వ్యాధి సోకే ప్రమాదం మిగిలినవారి కంటె 40 శాతానికి పైగా తక్కువగా కనిపించింది. అలా వచ్చిన భర్తలు మొదటినుండీ శ్రద్ధ గలవారే కావచ్చు. అయినా ఆ శ్రద్ధకు గల విలువను ఈ లెక్క చాటుతున్నది.

భారతదేశం ఈ సత్యాన్ని పేరులోనే గుర్తించింది. చాలా దేశాలు ‘తల్లి నుండి బిడ్డకు’ అంటూండగా, 2002లో ఇక్కడ ప్రారంభమైన పథకానికి ‘తల్లిదండ్రుల నుండి బిడ్డకు’ సంక్రమణ నివారణ అని పేరు పెట్టారు. 2014 నుండి హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి గర్భిణికి జీవితాంతం ఉచితంగా మందులు ఇవ్వాలన్న విధానం అమలులోకి వచ్చింది.

తండ్రి చేయవలసిన మొదటి పని తానూ పరీక్ష చేయించుకోవడం. భార్యకు వ్యాధి లేదని తేలినంత మాత్రాన నిశ్చింత పనికిరాదు. గర్భంతో ఉండగానో, పాలిచ్చే రోజులలోనో ఆమెకు భర్త నుండి కొత్తగా సోకితే, అప్పుడు రక్తంలో క్రిముల సంఖ్య విపరీతంగా పెరిగి బిడ్డకు ప్రమాదం అధికమవుతుంది. భర్త క్రమం తప్పక మందులు వాడి, రక్తంలో క్రిమి పరీక్షకు అందని స్థాయికి తగ్గి అలాగే నిలిస్తే, సంభోగం వల్ల భార్యకు సోకదు.

తరువాతది తోడు నిలవడం. కాన్పు ఆస్పత్రిలో జరిగేటట్లు చూడాలి. పుట్టిన వెంటనే బిడ్డకు మందు పట్టించాలి. ఆరవ వారంలో మొదటి పరీక్ష; 18 నెలలకు తుది నిర్ధారణ. అన్నిటికంటె సులభమైనది, ఖర్చు లేనిది ఒకటున్నది: రాత్రి భోజనమైన తరువాత “మందు వేసుకున్నావా?” అని అడగడం. ఆ ఒక్క ప్రశ్నతో దాపరికం తొలగుతుంది.

బిడ్డకు పాలిచ్చేది తల్లి. ఆమె భయం లేకుండా ఇవ్వగలిగేటట్లు చూడవలసినవాడు తండ్రి.