ఎవరిని అడగాలి?

వాన తప్పితే శెనక్కాయ పంట పోతుంది. పంట పోతే అప్పు మిగులుతుంది. అప్పు ఇంట్లోకి పోట్లాట తెస్తుంది. అనంతపురం జిల్లా ఆడవాళ్ళకు ఇది తెలిసిన సంగతే.

ఒక ఊళ్ళో ఒక అక్క ఉందనుకుందాం. మగడు తాగొచ్చి కొడతాడు. "యాడికి పోవాల? ఎవరికి చెప్పుకోవాల?" అని కుమిలిపోతుంది. ఒకరు సర్దుకోమంటారు. ఒకరు పుట్టింటికి పొమ్మంటారు. సలహాలు చాలా. సాయం కొంచెం.

అన్ని తగవులకూ ఒకే మందు లేదు.

తోటికోడళ్ళ మధ్య మాట పట్టింపా? సంఘంలో పెద్దక్కకు చెప్పొచ్చు. ఆమె ఇద్దరి మాటా వినాలి. విన్నది ఊరంతా చెప్పకూడదు. అలాంటి మనిషినే ఎంచుకోవాలి.

మేస్త్రీ కూలి ఎగ్గొట్టాడా? పనిచేసిన రోజులు, రావలసిన డబ్బు పుస్తకంలో రాసుకోవాలి. తోటి కూలీలంతా కలిసి అడగాలి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో అర్జీ ఇవ్వాలి. కలిస్తే బలం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చిన ఆడవాళ్ళు సారా మీద ఒక్కటై కదిలారు. ఆ పోరు రాష్ట్రమంతా పాకింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది.

మరి ఇంట్లో దెబ్బలా? ఇది సర్దుకునే తగవు కాదు. గుట్టుగా దాచేదీ కాదు. తప్పు కొట్టినవాడిది. ఆడవాళ్ళ రక్షణకు 2005లో గృహహింస చట్టం వచ్చింది. ఇల్లు భర్త పేరున ఉన్నా భార్యను ఊరికే బయటికి గెంటకూడదు. ప్రాణభయం ఉంటే 112కు ఫోన్ చేయాలి. సాయానికి 181 ఉంది.

"లాయరుకు డబ్బు యాడ తేవాల?" అనే దిగులు వద్దు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ప్రభుత్వమే ఉచితంగా లాయరును ఇస్తుంది. ఆదాయం ఎంతని చూడరు. అనంతపురం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. అక్కడ అర్జీ ఇవ్వాలి. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఇద్దరూ ఒప్పుకుంటే కొన్ని తగవులు లోక్ అదాలత్‌లో తీరుతాయి. ఖర్చు ఉండదు. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. అక్కడి తీర్పు మీద అప్పీలు లేదు. ఒప్పుకున్నాక మాట మార్చలేం.

అందుకే కాగితం ముందు పెట్టగానే సంతకం చేయకూడదు. పూర్తిగా చదవాలి. తెలియని మాట ఉంటే అడగాలి. ఆ అక్కకు ఇప్పుడు చదవడం వచ్చు. తోడుగా సంఘం అక్క ఉంది. ఇద్దరూ కలిసి అనంతపురం బస్సు ఎక్కితే చాలు. సగం భయం అక్కడే పోతుంది.

మీ ఊళ్ళో అలాంటి అక్క ఉందా? ఆమెకు తోడు ఎవరు? సంఘంలో మాట్లాడుకోండి.