కొండసీమలో నిర్వాహకోద్యోగములు

గూడెం కొత్తవీధి ప్రాంతమున పదవ తరగతి చదువుచున్న బాలుడొకడు నన్నీ నడుమ నిట్లడిగెను: "అయ్యా! సీలేరులో పుట్టిన విద్యుత్తు మా కొండలమీదుగనే పోవుచున్నది గదా. ఆ కేంద్రమును నడపు అధికారి మావాడెవడైన కాగలడా?" కాగలడు, అయితే త్రోవ తెలియవలెను. నేడు మీకు మనవి చేయదలచినది ఆ త్రోవనుగూర్చియే.

ముందుగా నీటిమాట. మాచ్‌ఖండ్ నదియే దిగువను సీలేరను పేరు దాల్చుచున్నది. ఆ నదిపై 1955లో మాచ్‌ఖండ్ కేంద్రము పనిచేయ నారంభించెను. దాని శక్తి 120 మెగావాట్లు. ఈ మండలమందే యున్న ఎగువ సీలేరు కేంద్రమున ఒక్కొక్కటి 60 మెగావాట్ల యంత్రములు నాలుగు కలవు. దీనిని నడుపునది రాష్ట్ర విద్యుదుత్పాదన సంస్థ. అచ్చట ఎవడును తిన్నగా పెద్దకుర్చీలో కూర్చుండడు. ఇంజనీరింగు పట్టము పొంది, పోటీపరీక్షలో నెగ్గి, సహాయ ఇంజనీరుగా చేరి, మెట్టు వెంబడి మెట్టెక్కి ముఖ్య ఇంజనీరు కావలెను. రాష్ట్రోద్యోగములలో షెడ్యూల్డు తెగలవారికి నూటికి ఆరు స్థానములు ప్రత్యేకింపబడినవి.

ఎగువ సీలేరున 1,350 మెగావాట్ల మరియొక పథకము ప్రతిపాదింపబడినది. విద్యుత్తు మిగిలిన వేళ నీటిని పైకి తోడి, కొరతవేళ క్రిందికి వదలి మరల విద్యుత్తు తీయుటయే దాని మర్మము. ఇట్టి పనులలో ఒక సంగతి మరువరాదు. కట్టడము సాగునన్నాళ్లు వేలమందికి కూలి దొరకును. కట్టడము ముగిసినపిదప కొలదిమందియే నిలుతురు. ఆ నిలుచువారు చదువుకొన్నవారు.

ఇక గనులు. జెర్రెల కొండలలో బాక్సైటు కలదని విని, గని వచ్చిన కొలువు వచ్చునని కొందరాశించిరి. షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వభూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనులకై కౌలుకీయరాదని 1997లో సమతా కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. జెర్రెల తవ్వకమునకై 2015లో వెలువడిన ఉత్తరువు 2019లో రద్దయినది. కావున ఆ యాశపై చదువు మానుట తగదు.

అడవి మాత్రము అన్నము పెట్టుచునే యున్నది. 1956లో నెలకొన్న గిరిజన సహకార సంస్థ చింతపండు, తేనె, కొండచీపుళ్లు, కాఫీ కొనుచున్నది. అటవీ అభివృద్ధి సంస్థవారికి కాఫీతోటలు కలవు. వీనికి లెక్కలు, వ్యవసాయము, వాణిజ్యము నేర్చిన నిర్వాహకులు కావలెను. ధర కట్టువానికి, సంతలో తూకము చూచువానికి కువి, ఆదివాసీ ఒడియా తెలిసియున్నచో సగము తగవులు పుట్టవు. ఆ విద్య కొండబిడ్డకు ఉగ్గుపాలతోనే అబ్బినది.

1922 నాటి మన్యపు తిరుగుబాటునకు గూడెం బాటపనిలో కూలివారికి జరిగిన అన్యాయమొక కారణము. నాడు కొండవారికి దక్కినది గునపము. నేడు పటమును, లెక్కపుస్తకమును వారి చేతికి రావలెను. అందుచేత ఆ బాలునితో నేనింతే చెప్పితిని: "నాయనా! పదవ తరగతితో ఆగకుము. గణితమును, భౌతికశాస్త్రమును విడువకుము. నీ యింటిభాషను మరువకుము."