గుండె కుడి గది సంగతి

కాళ్ళు వాచి, పొట్ట ఉబ్బి, నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసం వస్తుంటే "ఏదో నీరు పట్టిందిలే" అని సరిపెట్టుకుంటాం. గుండె కండరం బలహీనపడే కార్డియోమయోపతిలోనూ ఇవే లక్షణాలు. కాన్పుకు ముందు చివరి నెలలోనో, తర్వాత అయిదు నెలల్లోపో కొందరు తల్లులకు ఈ జబ్బు వస్తుంది.

గుండె కుడి గది చెడ్డ రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అది నీరసిస్తే రక్తం వెనకే నిలిచిపోయి కాళ్ళకు నీరు దిగుతుంది. ఈ గది నెలవంకలా ఎడమ గదిని చుట్టుకుని ఉంటుంది. అందుకే ఎకో పరీక్షలో దాని బలాన్ని సరిగ్గా లెక్కగట్టడం కష్టం. అప్పుడు ఎం.ఆర్.ఐ. గాని, న్యూక్లియర్ స్కాన్ గాని చేయిస్తారు.

ఈ స్కాన్‌లో టెక్నీషియం-99ఎం అనే పదార్థాన్ని చేతి నరంలోకి కొద్దిగా ఎక్కిస్తారు. రక్తంతోపాటు అది గుండెలో తిరుగుతుంటే గామా కెమెరా బొమ్మలు తీస్తుంది. గది నిండిన రక్తంలో నూటికి ఎన్ని పాళ్ళు బయటికి పంపుతోందో వాటినిబట్టి తెలుస్తుంది. మందులు ఎంతవరకు పనిచేశాయో తర్వాత పోల్చి చూసుకోవచ్చు.

అణుపరీక్ష అనగానే బెదిరిపోకండి. ఆ పదార్థం శక్తి 6 గంటలకోసారి సగమవుతూ, ఒక్కరోజులో పదహారో వంతుకు దిగుతుంది. గర్భవతులు, పాలిచ్చే తల్లులు మాత్రం ఆ మాట ముందే చెప్పాలి.

మన వరంగల్‌లో ఎం.జి.ఎం. ఆసుపత్రి ఉంది, ముందు అక్కడ చూపించుకోవచ్చు. డాక్టరు స్కాన్ అవసరమంటే హైదరాబాదు నిమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే చేతులు తమ కాలి వాపును కూడా ఒకసారి నొక్కి చూసుకోవాలి. గుంట పడితే ఆలస్యం చేయకండి.